కుక్క గుండె మీద పీహెచ్‌డీ: ఫారం బీలో ‘ఈ జంతువే ఎందుకు’ అన్న గడిలో ఏం రాయాలి?

ఫార్మా_స్కాలర్

అందరికీ నమస్కారం. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. గుండెపోటులో మూసుకున్న నాళం తెరుచుకున్నాక కండరానికి జరిగే నష్టాన్ని, అంటే రీపర్ఫ్యూజన్ ఇంజరీని, ఒక మొక్క సారం తగ్గిస్తుందా అన్నది అంశం. ఎలుకల్లో ఫలితం బాగుంది. తర్వాతి మెట్టు కుక్కలు అని గైడ్ గారి మాట. ప్రతిపాదన ఇదీ: 12 కుక్కలు, ఆరింటికి మందు, ఆరింటికి సెలైన్. మత్తులో ఛాతీ తెరిచి ఎల్ఏడీ ధమనిని (గుండె ముందు భాగానికి రక్తం తెచ్చే నాళం) 60 నిమిషాలు బిగించి, వదిలి, 3 గంటలు ఆగడం. తర్వాత టీటీసీ రంగుతో చచ్చిన కండరం కొలవడం. కుక్కలను మత్తులోంచి లేపరు.

జంతు ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు, అంటే ఫారం బీలో, ‘ఈ జాతి జంతువే ఎందుకు’ అన్న గడి దగ్గర ఆగాను. ‘కుక్క గుండె మనిషి గుండెకు దగ్గర’ అంటే సరిపోతుందా? అసలు ఈ పని చేయొచ్చా అన్న ప్రశ్న కూడా ఉంది. రెండిటికీ మీ అభిప్రాయం కావాలి.

హృద్గతి

సరిపోదు. పైగా మీ అంశానికి సంబంధించినంత వరకు ఆ వాక్యం తప్పు.

కుక్క గుండెలో ఒక ధమని నుంచి ఇంకో ధమనికి పుట్టుకతోనే అడ్డదారి నాళాలు ఉంటాయి. కొలేటరల్స్ అంటాం. ఎల్ఏడీ బిగించినా పక్క నాళాల నుంచి కొంత రక్తం చేరుతూనే ఉంటుంది. ఎంత చేరుతుందన్నది కుక్క కుక్కకీ మారిపోతుంది. ఒకే చోట, ఒకే 60 నిమిషాలు బిగించినా ఒక కుక్కలో పెద్ద ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన కండరం) వస్తుంది, ఇంకో కుక్కలో దాదాపు ఏమీ రాదు. గుండె జబ్బు లేని మనిషిలో కొలేటరల్స్ తక్కువ. ఆ విషయంలో మనకు దగ్గర పంది.

అందుకే కుక్కలో ఈ ప్రయోగం చేసేవాళ్లు ఎడమ కర్ణికలోకి 15 మైక్రోమీటర్ల మైక్రోస్ఫియర్స్, అంటే సూక్ష్మమైన గుళికలు, ఎక్కించి కొలేటరల్ ప్రవాహం కొలుస్తారు. పూర్వం రేడియోధార్మికమైనవి వాడేవారు, ఇప్పుడు రంగువీ ఫ్లోరసెంట్‌వీ వచ్చాయి. ఆ కొలత లేకపోతే ఇన్‌ఫార్క్ట్ చిన్నదైంది మందు వల్లా, నాళాల వల్లా అన్నది ఎవరూ తేల్చలేరు. మీ ప్రతిపాదనలో ఆ కొలత మాటే లేదు. కుక్కలు పోతాయి, జవాబు రాదు. దీన్ని నేను నీతి తప్పు కిందే లెక్కేస్తాను, ఉత్త టెక్నికల్ లోపం అనుకోను.

గోదావరి_మాత్ర

హృద్గతి గారి మాట కాదనను. కానీ కుక్క అనగానే ‘పాతకాలపు మోటు పని’ అని కొట్టిపారేయకండి. గుండెపోటు గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా ఒక విశ్వవిద్యాలయం కుక్కల ల్యాబ్ నుంచే వచ్చింది. అమెరికాలోని డ్యూక్‌లో రైమర్, జెన్నింగ్స్ బృందం 1977లో 40 నిమిషాలు, 3 గంటలు, 6 గంటలు నాళం మూసి చూస్తే, కండరం లోపలి పొర నుంచి బయటి పొరకు అలలాగా చస్తూ వస్తుందని తేలింది. గుండెపోటు వచ్చినవాళ్లను ఆస్పత్రికి పరుగెత్తించడం వెనక ఆ బొమ్మ ఉంది. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అసలు మూతకు ముందు 5 నిమిషాల చొప్పున 4 సార్లు మూసి తెరిచారు. తర్వాత 40 నిమిషాలు మూసినా ఇన్‌ఫార్క్ట్ నాలుగో వంతుకు పడిపోయింది. ప్రీకండిషనింగ్, అంటే ముందే చిన్న దెబ్బలు తిన్న గుండె పెద్ద దెబ్బకు తట్టుకోవడం, అన్న మాటే అక్కడ పుట్టింది.

1921లో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం తీసేసి, క్లోమం నుంచి తీసిన సారం ఎక్కిస్తే చక్కెర దిగడం చూశారు. 1922 జనవరిలో అది మనిషికి చేరింది. మన దగ్గరి సంగతి చెప్పాలంటే ఫైలేరియా మాత్ర ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో పరిశోధనలు నడిపిన కాలంలోనే డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. హెట్రజాన్ అంటే పెద్దవాళ్లకు తెలుస్తుంది. 1947 నాటి ఆ పరీక్షలు కాటన్ ర్యాట్లలోనూ కుక్కల్లోనూ జరిగాయి. గోదావరి జిల్లాల్లో బోదకాలు మాత్ర మింగిన ప్రతివాళ్లకూ ఆ కుక్కలతో బాకీ ఉంది.

మూడో_కుర్చీ

గోదావరి_మాత్ర గారూ, ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ఆ ప్రయోగంలోని కుక్కలకు ఫైలేరియా పురుగులు సహజంగా సోకినవే. జబ్బు ఉన్న జంతువుకు మందు ఇచ్చి చూడటం వేరు, ఆరోగ్యంగా ఉన్నదానికి జబ్బు చేయడం వేరు. బ్రియార్డ్ కుక్కల అంధత్వం కూడా మొదటి కోవే. ఆర్‌పీఈ65 జన్యువులో వాటికి సహజంగా వచ్చిన లోపం అది. 2001లో జన్యు చికిత్సతో చూపు తెప్పించారు. 2017 డిసెంబరులో మనుషుల్లో అదే జన్యువుకు లక్స్‌టర్నా అనే చికిత్స అనుమతి పొందింది. అక్కడ ‘కుక్కే ఎందుకు’ అని అడిగితే జవాబు ఒక్క వాక్యం: ఆ జబ్బు ఆ కుక్కకే ఉంది.

ఇక స్కాలర్ గారి ఫారం. ఐఏఈసీలో, అంటే సంస్థలోని జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీలో, సైన్సు బయటి నుంచి వచ్చిన సభ్యులుగా కూర్చునేవాళ్ల వైపు నుంచి చెబుతున్నాను. 1960 జంతు హింస నివారణ చట్టం 17వ సెక్షన్, రెండో ఉపవిభాగం తీసి ఒకసారి చదవండి. చిన్న జంతువులతో అదే ఫలితం వస్తే పెద్ద జంతువులను వీలైనంత వరకు వాడొద్దని ‘ఇ’ క్లాజు. చేతి నైపుణ్యం కోసం మాత్రమే ప్రయోగాలు చేయొద్దని ‘ఎఫ్’. తగినంత బలమైన మత్తు ఇవ్వాలని ‘బి’. ‘సి’ మీకు నేరుగా వర్తిస్తుంది: లేస్తే తీవ్ర బాధ పడేంత గాయమైన జంతువును మత్తులో ఉండగానే చంపాలి.

వరస ఇలా ఉంటుంది. ఫారం బీ మొదట మీ ఐఏఈసీకి. ఎలుకలు, కుందేళ్ల వరకు అక్కడే తేలుతుంది. కుక్కకు ఐఏఈసీ సిఫారసు మాత్రమే చేయగలదు, అనుమతి ఢిల్లీలోని కేంద్ర కమిటీది. మొన్నటిదాకా సీపీసీఎస్ఈఏ అన్నారు, ఇప్పుడు సీసీఎస్ఈఏ. పెద్ద జంతువు ఫైలు వచ్చిన సమావేశంలో సామాజిక స్పృహ గల సభ్యులు ఉండి తీరాలి. వాళ్లను పిలవకుండా సంతకం తర్వాత పెట్టించుకుందామనుకుంటే ఫైలు తిరిగొస్తుంది.

ల్యాబ్_వెట్

కుక్కలు ఎక్కడివి అన్నది ఎవరూ అడగలేదేం?

రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గర కొనాలి. వీధి కుక్కల ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కను పడితే ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలి, కాలేజీకి తోలుకురావడానికి లేదు. చట్టం పక్కన పెట్టినా దాని వయసు తెలియదు, పిడుదుల వల్ల సోకే ఎర్లికియా ఉందో, గుండెలో డైరోఫిలేరియా పురుగులు ఉన్నాయో తెలియదు. గుండె ప్రయోగానికి గుండెలో పురుగులున్న కుక్క!

రెండో సంగతి మత్తు. సైన్సూ నీతీ నిజంగా కొట్టుకునేది ఇక్కడే. ఐసోఫ్లురేన్ కుక్కకు మంచి మత్తు, మ్యాక్ (సగం జంతువులు కోతకు కదలకుండా ఉండే గాఢత) 1.3 శాతం దగ్గర. కానీ అది తానే గుండెను ప్రీకండిషన్ చేస్తుంది, ఇన్‌ఫార్క్ట్ తగ్గిస్తుంది. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లదీ అదే గుణం. అందుకని చాలామంది పెంటోబార్బిటోన్‌కు వెళ్తారు. నరంలోకి కిలోకు 30 మిల్లీగ్రాములు, తర్వాత కొద్దికొద్దిగా. చిక్కేంటంటే పెంటోబార్బిటోన్ నిద్రపుచ్చుతుంది గానీ నొప్పిని పెద్దగా ఆపదు. పక్కటెముకలు విడదీసే ఆపరేషన్‌లో దాని ఒక్కదాని మీదే ఆధారపడటం ‘తగినంత బలమైన మత్తు’ కిందికి రాదు.

దారి ఉంది. కోతకు ముందు, కోయబోయే చోటుకు పైనా కిందా రెండేసి పక్కటెముకల సందుల్లో నరాలకు బుపివకైన్ అనే తిమ్మిరి మందు. మొత్తం కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు, పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండే ఆగుతుంది. ప్రతి సూది ముందూ పిస్టన్ వెనక్కి లాగి చూడాలి. రెండు గుంపులకూ ఒకే మోతాదు. ‘ఫలితం పాడవుతుంది’ అని నొప్పి మందు ఎగ్గొట్టే ప్రతిపాదనకు నేనైతే సంతకం పెట్టను.

ఊపిరి కదలికలు అడ్డొస్తున్నాయని కండరాలు సడలించే మందు ఇచ్చేవాళ్లున్నారు. అది ఇచ్చాక కుక్క మత్తులోంచి తేలినా కాలు కదపలేదు. మిగిలే ఆధారాలు గుండె వేగం, బీపీ. మీ మందు ఆ రెంటినీ మార్చేదైతే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. కాబట్టి సడలింపు మందు వద్దు. ఇవ్వక తప్పకపోతే, అది లేకుండా కనీసం అరగంట మత్తు నిలకడగా ఉందని కాలివేళ్లు గిల్లి చూసి, రాసుకున్నాకే.

ఇంకోటి, ఒంటి వేడి. బల్ల చల్లబడి గుండె ఒకటి రెండు డిగ్రీలు దిగితే చాలు, ఇన్‌ఫార్క్ట్ దానంతటదే తగ్గుతుంది. ఏసీ కింద పొద్దున చేసిన కుక్కకూ మధ్యాహ్నం చేసినదానికీ తేడా వస్తే అది మందు గొప్పతనం కాదు.

పి_విలువ

12 అన్న అంకె ఎక్కడిది? ‘పాత పేపర్లలో 6 చొప్పున వాడారు’ అన్నదే జవాబైతే కింది లెక్క చూడండి.

ప్రమాదంలో పడిన కండరంలో చచ్చింది సెలైన్ గుంపులో సగటున 30 శాతం, స్టాండర్డ్ డీవియేషన్ 15 అనుకుందాం. కొలేటరల్స్ గొడవ వల్ల కుక్కల్లో అంత చెదురు ఉండటం ఆశ్చర్యం కాదు. మందు దాన్ని 20కి దించుతుందని మీ ఆశ. 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టే అవకాశం), 5 శాతం అల్ఫా (లేని తేడా ఉందనిపించే అవకాశం). గుంపుకు కావలసింది 2 × (1.96 + 0.84)² × (15/10)², అంటే దాదాపు 36. మొత్తం 72 కుక్కలు. మీ ఆరారు కుక్కలతో పట్టుబడాలంటే మందు 30ని 3కి దించాలి. అలాంటి మందు ఉంటే మనం ఇక్కడ ఫోరంలో మాట్లాడుకుంటూ ఉండం.

కొలేటరల్ ప్రవాహం కొలిచి, దాన్ని కోవేరియేట్‌గా, అంటే లెక్కలో సర్దుబాటు చేసే అంశంగా, పెడితే కథ మారుతుంది. ఇన్‌ఫార్క్ట్‌కూ దానికీ సహసంబంధం 0.8 ఉందనుకుంటే మిగిలే వేరియన్స్ 36 శాతమే. గుంపుకు 13 చాలు. హృద్గతి గారు చెప్పిన ఆ ఒక్క కొలత దాదాపు 46 ప్రాణాలు మిగులుస్తుంది. జంతువుల సంఖ్య ‘తగ్గించడం’ అంటే చిన్న అంకె రాయడం అనుకుంటారు చాలామంది. జవాబు రానంత తక్కువ వాడటం అన్నిటికన్నా పెద్ద వృథా.

ఇంకో మాట. నాళం వదలగానే కొన్ని కుక్కలకు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె సరిగా కొట్టుకోకుండా వణకడం) వచ్చి చచ్చిపోతాయి. ఎన్ని షాకుల తర్వాత ఆ కుక్కను లెక్కలోంచి తీసేస్తారో ముందే రాయండి. తీసేసినవి కూడా చచ్చినవే, పేపర్లో వాటి సంఖ్య ఉండాలి.

ఫార్మా_స్కాలర్

ధన్యవాదాలు అందరికీ. మరి పందికి మారితే? కొలేటరల్స్ సమస్య పోతుంది, చెదురు తగ్గుతుంది, సంఖ్య కూడా తగ్గుతుంది కదా.

మూడో_కుర్చీ

పోతుంది. కానీ కుక్క బదులు పంది అనగానే కమిటీలో సగం మంది ఊపిరి పీల్చుకుంటారు చూడండి, నాకు నచ్చనిది అదే. పందికి తెలివి తక్కువా, నొప్పి తక్కువా? రెండూ కాదు. ఇంట్లో పెంచం కాబట్టి మనకు బాధ తక్కువ, అంతే. మన మనసు తేలికపడటాన్ని జంతువు ఖాతాలో జమ వేయకూడదు. పందికీ ఢిల్లీ అనుమతి కావాలి, అది సరైనదే.

హృద్గతి

ఆ మాట ఒప్పుకుంటూనే కాదంటాను. 26 కుక్కలతో వచ్చే జవాబు 18 పందులతో వస్తే, బాధ సమానం అనుకున్నా 8 ప్రాణాల తేడా. పంది గుండె ఫిబ్రిలేషన్‌లోకి తొందరగా జారుతుంది, షాక్ ప్యాడిల్స్ బల్ల మీద సిద్ధంగా ఉండాలి. మాంసానికి పెంచే రకం పందులైతే నెలల తరబడి ఉంచలేరు, బరువు పెరిగిపోతాయి. మీది ఒక పూట ప్రయోగమే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అయినా అసలు ప్రశ్న పంది కాదు. ఈ రంగం చరిత్ర చూడండి. జంతువుల్లో ఇన్‌ఫార్క్ట్ తగ్గించినవి బోలెడు. మనుషుల్లోకి వచ్చేసరికి 2015లో బైపాస్ రోగుల మీద రెండు పెద్ద ట్రయల్స్, ఎరికా, రిప్‌హార్ట్. చేతికి పట్టీ బిగించి చేసే రిమోట్ ప్రీకండిషనింగ్ వల్ల లాభం కనబడలేదు. 2019లో 5 వేలకు పైగా గుండెపోటు రోగుల్లో అదే పద్ధతిని చికిత్స మొదట్లో వాడి చూస్తే అక్కడా అంతే. 2015లోనే సైక్లోస్పోరిన్ అనే మందు కూడా ఓడింది. కారణాల్లో ఒకటి: మనం వాడేది కుర్ర, ఆరోగ్యమైన జంతువు. రోగి వయసు మళ్లినవాడు, చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు, పైగా నాళం ఎప్పుడు మూసుకుందో తెలియదు. ఇన్ని తేడాల మధ్య ‘ఎలుక తర్వాత కుక్క’ అనే మెట్ల వరసకు ఉన్న విలువ అలవాటు విలువే.

అమెరికా_వెట్‌టెక్

స్కాలర్ గారి కేసు సుళువైనదే. అన్నీ ఇలా ఉండవు. మగపిల్లలకు వచ్చే జన్యు జబ్బు, డ్యూషెన్ కండర క్షీణత తీసుకోండి. కండరాన్ని కాపాడే డిస్ట్రోఫిన్ ప్రొటీన్ లేని ఎండీఎక్స్ రకం ఎలుక జబ్బు పెద్దగా బయటపడకుండానే బతికేస్తుంది. అదే ప్రొటీన్ లేని గోల్డెన్ రిట్రీవర్ పిల్ల నెలల వయసులోనే నడక బిగుసుకుపోయి, మింగలేక, గుండె దెబ్బతిని, పిల్లాడిలో లాగే కుంగుతుంది. 2018లో టెక్సాస్ సౌత్‌వెస్టర్న్ బృందం నాలుగు కుక్కల్లో క్రిస్పర్ అనే జన్యు సవరణతో డిస్ట్రోఫిన్ తిరిగి తెప్పించినప్పుడు గుండె కండరంలో అత్యధికంగా మామూలు స్థాయిలో 92 శాతం దాకా వచ్చింది. అంత పెద్ద ఒంట్లో, అంత గుండెలో క్రిస్పర్‌ను మోసుకెళ్లే వైరస్ ఎంత చేరుతుందో ఎలుక చెప్పలేదు.

కానీ ఈ పనికి జబ్బుతో పుట్టే కుక్కలను తరతరాలుగా పుట్టించాలి. మత్తులో చంపడం లాంటిది కాదు, అది పుట్టిన దగ్గర నుంచీ బాధ. ఒకే గిన్నెలో అన్నం పెడితే జబ్బు పిల్లలు వెనకబడతాయి, మెత్తటి గుజ్జు ఎత్తులో పెట్టి, తిన్నాక ఊపిరితిత్తుల్లోకి పోలేదని చూడాలి. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం బయట నిరసనలు, వీడియోల గొడవ తర్వాత 2019లో ఆ పెంపకం ఆపింది. నా లెక్కలో అలాంటి కాలనీ ఉండొచ్చు. కానీ ‘ఏ స్థితి దాటితే ఆపాలి’ అన్నది అంకెల్లో రాసి ఉండాలి: ఇంత శాతం బరువు తగ్గితే, ఇన్ని పూటలు తానుగా తినకపోతే. ‘పశువైద్యుడి విచక్షణ’ అని వదిలేస్తే శుక్రవారం సాయంత్రం ఎవరి విచక్షణా అందుబాటులో ఉండదు.

గది కొలతలకు ఒక ఉదాహరణ. అమెరికా నిబంధనలో ముక్కు నుంచి తోక మొదలు దాకా అంగుళాలకు 6 కలిపి, వర్గం చేసి, 144తో భాగిస్తే చదరపు అడుగులు. 24 అంగుళాల బీగిల్‌కు 6.25 చదరపు అడుగులు, మన ఇంటి గది తలుపులో మూడో వంతు. యూరప్ ఆదేశంలో 20 కిలోల దాకా ఉన్న ఒకటి లేదా రెండు కుక్కలకు 4 చదరపు మీటర్లు, అంటే 43 చదరపు అడుగులు. ప్రోటోకాల్ రెండు చోట్లా ఒకటే కావచ్చు, కుక్క రోజు మాత్రం ఒకటి కాదు.

గోదావరి_మాత్ర

బోధన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకప్పుడు ఫార్మకాలజీ ప్రాక్టికల్ అంటే కుక్క మెడలోని కెరోటిడ్ ధమనిలో గొట్టం, పొగబారిన డ్రమ్ము మీద బీపీ గీత, అడ్రినలిన్‌కు పైకి, ఎసిటైల్‌కోలిన్‌కు కిందికి. ఏటా అదే గీత. ఇప్పుడు జిప్మర్ తయారుచేసిన ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్ తెర మీద అదే చూపిస్తోంది. తెలిసిన జవాబు కోసం కుక్క అక్కర్లేదన్న దాంట్లో నాకు రెండో మాట లేదు. నేను సమర్థించేది తెలియని జవాబును.

ల్యాబ్_వెట్

ఇది మీ ఒక పూట ప్రయోగానికి వర్తించదు గానీ, కుక్కను బతికించి ఉంచే ప్రతిపాదనలు రాసేవాళ్లు ఇక్కడ ఉంటే చూసుకోండి. మన నిబంధనల్లో మూడు ఆర్‌లకు (జంతువు బదులు వేరే పద్ధతి, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం) తోడు నాలుగోది పునరావాసం. దాని ఖర్చు పరిశోధన బడ్జెట్‌లోనే చూపాలి. అందరూ అక్కడ ఏదో గుండ్రటి అంకె వేస్తారు. లెక్క కట్టండి: 10 కిలోల బీగిల్‌కు రోజుకు సుమారు 630 కిలోకేలరీలు. పొడి మేత 100 గ్రాములకు 350 అయితే రోజుకు 180 గ్రాములు, ఏడాదికి 66 కిలోలు. మూడేళ్ల వయసులో వదిలితే ఇంకో పదేళ్లు బతకొచ్చు. 660 కిలోల మేత, ఏటా టీకాలు, పళ్ల శుభ్రం, ముసలితనంలో మందులు. గ్రాంటు మూడేళ్లకు అయిపోతుంది కాబట్టి ఆ డబ్బు మొదటి ఏడాదే విడి ఖాతాలో పడాలి. అలాగే 3 నుంచి 12 వారాల వయసులో మనుషుల స్పర్శ, చప్పుళ్లు, మెట్లు, గడ్డి చూడని కుక్కను ఎవరికి ఇచ్చినా భయంతో మూల నక్కుతుంది. బ్రీడర్‌ను ధర కన్నా ముందు ఇది అడగండి.

ఫార్మా_స్కాలర్

గైడ్ గారితో మాట్లాడాను. కుక్కల భాగం తీసేసి, ఎలుకల ఫలితాన్నే ఇంకో ల్యాబ్‌లో, మందేదో తెలియకుండా, ముసలి, చక్కెర జబ్బున్న ఎలుకల్లో మళ్లీ చేద్దామన్నారు. బైపాస్ ఆపరేషన్లలో పారేసే కర్ణిక ముక్కలు రోగి సమ్మతితో తీసుకుని ఆక్సిజన్ ఆపి పరీక్షించొచ్చా అని కార్డియోథొరాసిక్ వాళ్లను కూడా అడుగుతున్నాం. దానికి మానవ ఎథిక్స్ కమిటీ అనుమతి వేరే.

హృద్గతి

మంచిది. కర్ణిక ముక్క థియేటర్‌లోంచి ల్యాబ్‌కు చల్లటి, ఆక్సిజన్ ఎక్కించిన ద్రావణంలో రావాలి, ఎంత త్వరగా వస్తే అంత మేలు. రోగి ఏ మత్తు తీసుకున్నాడో, ఏ షుగర్ మందు మింగుతున్నాడో రాసుకోండి. గ్లైబెన్‌క్లమైడ్ వాడేవాళ్ల కండరం ప్రీకండిషనింగ్‌కు సరిగా స్పందించదు. ఇక ఆ మొక్క సారం... ఏ బ్యాచ్, ఏ నెలలో కోసిన ఆకు, ఏ పదార్థం ఎంత? ఏ పదార్థం ఎంతుందో చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గ్రాఫ్ లేకుండా ముందుకెళ్తే జంతువు ఏదైనా రివ్యూయర్ మొదట పట్టుకునేది దాన్నే.

పి_విలువ

కోడ్ నంబర్లు వేసే పని మందు తయారుచేసినవాళ్లకు ఇవ్వకండి, ఫార్మసీలో మూడో మనిషికి ఇవ్వండి. సారానికి రంగు ఉంటే సెలైన్‌తో పోల్చగానే తెలిసిపోతుంది. అదే రంగు ఉన్న, మందు లేని ద్రావణం తయారుచేయించుకోండి.